నల్లరేగడిలో జీపు

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడగా, బళ్లారి జిల్లానుండి విడివడి కర్నూలు జిల్లాలో చేరిన ఆదోని తాలూకాకు మద్రాసు-బొంబాయి రైలుమార్గము పందొమ్మిదవ శతాబ్దియందే లభించియున్నను, పత్తియు వేరుసెనగయు పండు పల్లెలకు మాత్రము బండిబాటలే దిక్కు; నల్లరేగడి నేల యగుటచే, వాన కురిసినంతనే చక్రములు ఇరుసుదాక దిగబడుచుండెను.

అమెరికా సైన్యమునకై 1941నుండి విల్లీస్ సంస్థ నిర్మించిన జీపును, యుద్ధానంతరము మహీంద్రావారు బొంబాయిలో కూర్చి అమ్మజొచ్చిరి. చిన్న దేహము, నేలకు ఎత్తుగా నుండు అడుగుభాగము, నాలుగు చక్రములకును అందు యంత్రబలము, ఊరి మెకానిక్కు సైతము విప్పి బిగింపగల సరళనిర్మాణము ఇట్టి బాటలకు తగినట్లు దానికి గల గుణములు.

తొలుత అధికారుల వాహనమైన జీపు క్రమముగా బాడుగబండి యయ్యెను. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘముచే ప్రసిద్ధమైన ఎమ్మిగనూరునుండి పల్లెలకును, శ్రావణమున ఉరుకుంద ఈరన్నస్వామి సన్నిధికిని జనులు జీపులలో క్రిక్కిరిసి పోవుచుండిరి. వింత యేమన, బాడుగకు తిరిగిన మహీంద్రావారి కమాండరు జీపులలో పెక్కింటికి వెనుకచక్రములకే బలము. బురదలో దిగబడినచో ప్రయాణికులే దిగి త్రోయవలసినదే!

తారురోడ్లు వచ్చిన పిదప బాడుగ జనమును ఆటోలు లాగికొన్నవి. అయినను జీపు మరుగుపడలేదు; 2010లో మహీంద్రావారు థారు అను జీపును విడుదల చేసిరి. సుఖమున అది కారుకు సాటిరాదు, అయినను కొనువారికి కొదవలేదు.