లాగడం సరే.. ఆగడం మాటేంటి?

కొన్నేళ్ళ క్రితం డెన్వర్ నుంచి డాలస్‌కి ఇల్లు మారుతూ, ఓ స్నేహితుడి పికప్ ట్రక్కు అడిగి తీసుకుని, వెనకాల అద్దె ట్రైలర్ తగిలించుకుని బయల్దేరాను. రాటన్ కనుమ ఎక్కుతుంటే బండి ఆయాసపడింది. "ఇంకో వంద హార్స్ పవర్ ఉంటే ఎంత బావుండేదో" అనుకున్నా. అవతలి పక్క దిగుతుంటే బ్రేకుల్లోంచి కాలిన వాసన! దెబ్బకి ఆ కోరిక కాస్తా ఎగిరిపోయింది. పక్కన ఆపుకుని, చేతుల వణుకు తగ్గేదాకా అలాగే కూర్చున్నా. తప్పు బండిది కాదు లెండి. గేరు తగ్గించకుండా, కొండంతా బ్రేకు మీదే కాలేసి దిగిన నాది.

ఆ తరవాత ఈ బండ్ల చరిత్ర తిరగేస్తే తెలిసిందేమిటంటే, నాది కొత్త తప్పేమీ కాదు. నూరేళ్ళుగా జరుగుతున్నదే.

1925లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టి కారుకే వెనక చిన్న తొట్టి బిగించి, ఫ్యాక్టరీ నుంచే పికప్‌గా అమ్మింది. ఇంజన్ 20 హార్స్ పవర్, ముందుకి రెండే గేర్లు. బరువుతో గుట్ట ఎక్కాలంటే పెద్ద గేరు చాలదు, చిన్న గేరులో నత్తనడక. దీనికి విరుగుడు రక్‌స్టెల్ ఆక్సిల్. ఇంజన్ జోలికి పోకుండా వెనక ఇరుసులోనే ఇంకో రెండు గేర్లు పెట్టారు. రెండు రెళ్ళు నాలుగు! కానీ మోడల్ టి కాలి బ్రేకు ఉండేది చక్రాల దగ్గర కాదు, గేర్‌బాక్సులో. ఇరుసు పొరపాటున న్యూట్రల్‌లో పడిందా, బ్రేకు ఎంత తొక్కినా చక్రాలకి తెలీదు. దాంతో చక్రాలకి విడిగా బ్రేకులు కొనుక్కోవాల్సి వచ్చింది. ఒక బగ్ సరిచేస్తే ఇంకోటి పుట్టడం మనకి కొత్తా? :)

డీజిల్ ఇంజన్ల క్లెస్సీ కమిన్స్ కథ ఇంకా భయంకరం. 1931లో ఆయన తన ఇంజన్ పెట్టిన లారీలో న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలిస్‌కి బయల్దేరాడు. కాలిఫోర్నియాలో కాహోన్ కనుమ దిగుతుంటే బ్రేకులు కాలిపోయాయి. కింద రైల్వే క్రాసింగ్ దగ్గర గూడ్సు రైలుని వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఆ భయం ఆయన్ని వదల్లేదు. పిస్టన్ గాలిని నొక్కాక, ఆ గాలి తిరిగి పిస్టన్‌ని తన్నేలోపే ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి వదిలేస్తే, బండిని తోసే ఇంజనే బండిని ఆపుతుంది. ఈ ఇంజన్ బ్రేకుని జాకబ్స్ కంపెనీ 1961లో మార్కెట్లోకి తెచ్చింది. అంటే ఆ భయానికి మందు దొరకడానికి 30 ఏళ్ళు పట్టింది!

పికప్‌లకి అసలు మలుపు 1989. డాడ్జ్ వాళ్ళు 5.9 లీటర్ల కమిన్స్ టర్బో డీజిల్ పెట్టారు. 160 హార్స్ పవరే, కానీ టార్క్ 400 పౌండ్-అడుగులు. అదీ తక్కువ ఆర్‌పీఎంలోనే. ట్రైలర్ లాగడానికి కావలసింది సరిగ్గా అదే. అయితే దాంతో ఇచ్చిన ఆటోమేటిక్ గేర్‌బాక్సుకి మూడే గేర్లు, లాకప్ లేదు. కన్వర్టర్ జారిన ప్రతిసారీ శక్తి వేడిగా మారి ఆయిల్‌ని మరిగిస్తుంది. బాటిల్‌నెక్ ఇంజన్ నుంచి గేర్‌బాక్సుకి మారిందన్నమాట. 2001లో జీఎం తన డ్యూరామాక్స్ డీజిల్‌కి, లారీలకీ బస్సులకీ గేర్‌బాక్సులు చేసే అల్లిసన్‌ని జతచేసింది. టో-హాల్ మోడ్‌లో పెడితే, దిగేటప్పుడు అదే గేరు తగ్గించి బండిని పట్టి ఉంచుతుంది. ఆరోజు నేను చెయ్యనిది ఇదే.

ఇంతా చేసి, "మా బండి ఇంత లాగుతుంది" అనే లెక్క మాత్రం చాలాకాలం ఎవరిష్టం వాళ్ళదే. పరీక్ష పేపర్ రాసేదీ, దిద్దుకునేదీ కంపెనీయే! 2008లో ఎస్‌ఏఈ సంస్థ జే2807 అనే ప్రమాణం తెచ్చింది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి పొడుగాటి ఎత్తు, మండుటెండ, ఏసీ ఫుల్లు. మామూలు పికప్ అయితే వేగం గంటకి 40 మైళ్ళకి తగ్గకూడదు. ఎక్కడమే కాదు, ఆగడానికీ పరీక్ష ఉంది. 2011 మోడల్ టుండ్రాతో టొయోటా ముందుగా దీనికి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక తన అంకెలు తనే తగ్గించుకోవాల్సొచ్చింది. నాకు ఈ మొత్తం కథలో నచ్చిన ఘట్టం ఇదే.

2019 రామ్ హెవీ డ్యూటీ టార్క్ 1000 పౌండ్-అడుగులకి చేరింది. అయినా ఆశ తీరుతుందా? పదేళ్ళలో 5,50,000కి పైగా డీజిల్ పికప్‌లలో కాలుష్య నియంత్రణ పరికరాలు పీకేశారని 2020లో అమెరికా పర్యావరణ సంస్థ తేల్చింది. పవర్ కోసం ట్యూనింగ్ చేయించుకునేవాళ్ళ పొగ పీల్చేది మాత్రం వెనకాల వచ్చేవాళ్ళు.

ఇప్పుడెవరైనా "ట్రైలర్ లాగడానికి ఏ చిప్ వేయించమంటావ్?" అనడిగితే నా జవాబు ఒకటే. ముందు ట్రైలర్ బ్రేకులు చూసుకో, సామాను సరిగ్గా సర్దుకో, గేర్‌బాక్సు ఆయిల్ వేడి ఎంతుందో చూస్తూ ఉండు. పవర్ తక్కువైతే మెల్లిగా ఎక్కుతాం, అంతే కదా. బ్రేకు తక్కువైతే?