తుక్కు కారు, పన్ను లెక్క: అమెరికాలో వాహనదాన చరిత్ర

అమెరికాలో యజమానికి అక్కర్లేని పాత కారును ధర్మసంస్థకు ఇచ్చివేసే ఆచారం ఇరవయ్యో శతాబ్ది చివరి రెండు దశాబ్దాల్లో బలపడి, ఆ శతాబ్ది ముగిసేనాటికి ఏటా లక్షలాది కుటుంబాలు పాటించే మామూలు వ్యవహారమయింది. దాని ఎదుగుదలకు దాతల మంచి మనసు ఎంత కారణమో, ఆదాయపు పన్ను చట్టంలోని ఒక వెసులుబాటు, తుక్కు ఇనుము ధర, వాహనాల వేలంపాటలు నడిపే వ్యాపారం కూడా అంతే కారణం. కాబట్టి ఈ ఆచారం చరిత్రను పరిశీలించడమంటే, ప్రాణం పోయే దశకు వచ్చిన కారుకు విలువ కట్టే హక్కు ఏ కాలంలో ఎవరి చేతిలో ఉన్నదో పరిశీలించడమే అవుతుంది.

అమెరికాలో ఆధునిక ఆదాయపు పన్ను 1913లో మొదలయింది. నాలుగేళ్ళ తరువాత ఆ దేశం మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగినప్పుడు సంపన్నుల మీద పన్ను రేటు 67 శాతం దాకా పెరగడంతో, చేతిలో మిగిలే డబ్బు తగ్గితే కళాశాలలకూ ఆస్పత్రులకూ చర్చిలకూ అందే విరాళాలు ఎండిపోతాయన్న భయం పుట్టింది. న్యూ హాంప్‌షైర్ సెనేటరు హెన్రీ హాలిస్ ప్రతిపాదన మేరకు 1917 యుద్ధాదాయ చట్టంలో ఒక మినహాయింపు చేరింది. ధర్మసంస్థలకు ఇచ్చిన విరాళాన్ని, పన్ను వేయదగిన ఆదాయంలో 15 శాతం మించకుండా, ఆదాయం నుంచి తీసివేసి చూపుకోవచ్చునన్నది దాని సారాంశం. విరాళం నగదుగానే ఉండాలన్న షరతు స్థిరపడలేదు. వస్తువు ఇచ్చినవారు దాని మార్కెట్ విలువను, అంటే అమ్మే తొందర గాని కొనే ఒత్తిడి గాని లేని ఇద్దరి మధ్య కుదిరే ధరను, విరాళంగా లెక్కచూపే పద్ధతి క్రమంగా నిలదొక్కుకుంది. కారు దానానికి చట్టపరమైన పునాది ఇదే అయినా, దాని మీద ఇల్లు లేవడానికి ఆరు దశాబ్దాలకు పైగా పట్టింది.

వాడిన సరుకును దానంగా స్వీకరించి, బాగుచేసి అమ్మి, ఆ డబ్బుతో పేదలకు పని కల్పించే సంప్రదాయం మాత్రం అంతకుముందే ఉంది. 1902లో బోస్టన్ నగరంలో ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్ట్ మతాచార్యుడు ప్రారంభించిన గుడ్‌విల్ సంస్థ ఇంటింటా పాత బట్టలూ చెప్పులూ సేకరించి, వాటిని కుట్టి బాగుచేసే పనినే నిరుద్యోగులకు జీవనోపాధిగా చూపింది. సాల్వేషన్ ఆర్మీ కూడా అదే దారిలో నడిచింది. ఆ సంస్థల గిడ్డంగుల్లోకి కుర్చీలు, కుట్టుమిషన్లు వచ్చినంత సులువుగా కార్లు రాలేదు. కారుకు యాజమాన్య పత్రం ఉంటుంది, దాన్ని పేరు మార్చి రాయించాలి, నడవని కారును మోసుకురావడానికి లారీ కావాలి, నిలపడానికి స్థలం కావాలి. అన్నిటికీ మించి, కారు పూర్తిగా పాడైనా చాలాకాలం దాని ఇనుముకు మంచి ధర పలికింది కనుక, ఊరి తుక్కు వ్యాపారే దాన్ని డబ్బిచ్చి పట్టుకుపోయేవాడు.

ఆ పరిస్థితి 1950ల తరువాత తలకిందులయింది. ఉక్కు కర్మాగారాలు కొత్తరకం కొలుములకు మారి తుక్కును తక్కువగా వాడడం మొదలుపెట్టేసరికి పాత ఇనుము ధర పడిపోయింది, చచ్చిన కారును మోసుకుపోవడానికయ్యే ఖర్చు కూడా గిట్టని స్థితి వచ్చింది. జనం కార్లను వీధుల్లోనే వదిలేయసాగారు. న్యూయార్క్ నగరంలో 1960లో అలా వదిలేసినవి సుమారు 2,500 ఉండగా, ఆ దశాబ్దం ముగిసేనాటికి ఆ సంఖ్య ఏడాదికి 70,000 దాకా పెరిగింది. అధ్యక్షుడి భార్య లేడీ బర్డ్ జాన్సన్ పట్టుదలతో వచ్చిన 1965 నాటి రహదారి సుందరీకరణ చట్టం, పెద్ద రహదారులకు 1,000 అడుగుల లోపల ఉన్న తుక్కు దిబ్బలు ప్రయాణికుల కంటపడకుండా చాటు కట్టాలని ఆదేశించింది. కారును వదిలించుకోవడమే ఒక భారమన్న భావన మధ్యతరగతి ఇళ్ళలో నాటుకున్నది ఈ కాలంలోనే. తరువాతి కాలపు ధర్మసంస్థలు ఇచ్చిన హామీలో సగం ఆ భారాన్ని దించడమే కావడం యాదృచ్ఛికం కాదు.

మిగిలిన సగం పన్ను. వస్తువిరాళాల విలువలను పెంచి చూపుతున్నారన్న ఫిర్యాదుల మీద కాంగ్రెస్ 1984లో కొన్ని కట్టుబాట్లు పెట్టింది. 5,000 డాలర్లకు మించిన వస్తువైతే అర్హత గల మదింపుదారు విలువ కట్టాలి, స్వీకరించిన సంస్థ దాన్ని రెండేళ్ళ లోపల అమ్మితే ఆ సంగతి పన్నుల శాఖకు తెలపాలి. సగటు పాత కారు ఆ గీతకు దిగువనే ఉండిపోయింది కనుక దాని విలువ చెప్పే పని దాతకే మిగిలింది. దాత చెప్పడానికి ఆధారం కూడా త్వరలోనే సులభంగా దొరికింది. 1918లో లాస్ ఏంజెలెస్‌లో పాతకార్ల వ్యాపారం మొదలుపెట్టిన లెస్ కెల్లీ 1926 నుంచి ప్రచురిస్తూ వచ్చిన ధరల పట్టిక, బ్లూ బుక్ అన్న పేరుతో ప్రసిద్ధమైనది, దశాబ్దాల పాటు వ్యాపారుల చేతుల్లోనే తిరిగింది. 1993లో దాన్ని సామాన్య పాఠకుల కోసమూ అచ్చువేశారు, రెండేళ్ళలో ఇంటర్నెట్‌లోనూ పెట్టారు. ఆ పట్టికలోని ధర, బాగా నడిచే కారుకు వర్తించేది. గేరు పట్టని కారుకు, గొట్టం నుంచి నల్లని పొగ వదిలే కారుకు ఆ ధర చూపుకోవడం అబద్ధమే అయినా, అడిగి పరీక్షించేవారు లేరు.

1990లలో ఈ వ్యవహారం పెద్ద వ్యాపారమయింది. మూత్రపిండాల రోగులకు సాయపడే సంస్థలు మొదలుకొని ప్రజా రేడియో కేంద్రాల వరకు ఎన్నో సంస్థలు రేడియోలో, పత్రికల్లో, రోడ్డు పక్క హోర్డింగుల మీద కార్లు అడిగాయి. అయితే ఆ కార్లను ఎక్కువ సందర్భాల్లో ఆ సంస్థలు చూడనైనా చూడలేదు. ఫోను ఎత్తేది మధ్యవర్తి కంపెనీ, అంటే పలు సంస్థల పేరు మీద కార్లు సేకరించి కమీషనుకు పనిచేసే వ్యాపారి. ఆ కంపెనీ పంపిన లారీ కారును ఎత్తుకుపోయేది, దాత యాజమాన్య పత్రం మీద సంతకం చేసి తాళాలు ఇచ్చేవాడు, కారు నేరుగా వేలం మైదానానికి చేరేది. అక్కడ వరుసకట్టి నిలిపిన కార్ల మధ్య విడిభాగాల వ్యాపారులూ తుక్కు వ్యాపారులూ నడుస్తూ, నిమిషాల్లో ఒక్కొక్కదాని పాట ముగించేవారు. వచ్చిన సొమ్ములోంచి లారీ ఖర్చు, వేలం రుసుము, ప్రకటనల ఖర్చు, మధ్యవర్తి వాటా పోగా మిగిలినది సంస్థకు చెక్కుగా వెళ్ళేది. దాతకు కనిపించేది పన్ను రిటర్నులో రాసుకునే బ్లూ బుక్ ధర, సంస్థకు కనిపించేది ఆ చెక్కు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఆ గొలుసులో ఎక్కడా లేడు.

ఆ పని చేసింది ప్రభుత్వ వ్యయాన్ని పరిశీలించి కాంగ్రెస్‌కు నివేదించే జనరల్ అకౌంటింగ్ ఆఫీస్. సెనేట్ ఆర్థిక సంఘాధ్యక్షుడు చార్లెస్ గ్రాస్లీ, ఆ సంఘంలో ప్రతిపక్ష నాయకుడు మాక్స్ బాకస్ కోరిక మేరకు అది 2003 నవంబరులో వెలువరించిన నివేదిక ప్రకారం, 2000 పన్ను సంవత్సరంలో సుమారు 7,33,000 రిటర్నులు వాహనదానాన్ని చూపి, మొత్తం 65.4 కోట్ల డాలర్ల పన్ను తగ్గించుకున్నాయి. అంటే రిటర్నుకు సగటున 890 డాలర్ల పైచిలుకు. పరిశీలకులు 54 దానాలను మొదటినుంచి చివరిదాకా వెంటాడి చూడగా, అందులో దాదాపు మూడింట రెండు వంతుల సందర్భాల్లో దాత చూపిన విలువలో 5 శాతమో అంతకన్నా తక్కువో మాత్రమే ధర్మసంస్థకు చేరినట్టు తేలింది. నివేదికలోని ఒక ఉదాహరణ ఈ చరిత్రకంతటికీ కీలకం. 1983 నాటి ఒక ట్రక్కుకు దాత 2,400 డాలర్ల విలువ చూపుకున్నాడు. వేలంలో అది 375 డాలర్లకు పోయింది. ఖర్చులు తీసివేయగా మిగిలిన 63 డాలర్లను మధ్యవర్తీ సంస్థా చెరిసగం పంచుకోగా సంస్థకు దక్కింది 31 డాలర్ల 50 సెంట్లు. అటువంటి దాత 28 శాతం శ్లాబులో ఉన్నాడనుకుంటే, ప్రభుత్వ ఖజానా 672 డాలర్లు వదులుకొని ఆ 31 డాలర్ల దానం చేయించినట్టు లెక్క.

కఠోపనిషత్తులో వాజశ్రవసుడు ఒట్టిపోయిన ఆవులను యజ్ఞదక్షిణగా ఇస్తుంటే చూసి కొడుకు నచికేతుడి మనసు కలత చెందిన కథ తెలుగు పాఠకులకు కొత్తది కాదు. అమెరికా వాహనదానంలోని లోపం సరిగ్గా అదే కాదని చెప్పాలి. పనికిరాని వస్తువును ఇవ్వడంలో తప్పులేదు, తుక్కుకూ ఒక ధర ఉంది, ఆ ధర ఎవరికైనా ఉపయోగపడుతుంది. పాలివ్వని ఆవుకు పాడిఆవు విలువ రాసుకోవడం, ఆ తేడాను తోటి పౌరుల పన్నులతో పూడ్చుకోవడం, అసలు తప్పు అక్కడుంది.

2004 అక్టోబరు 22న అధ్యక్షుడు జార్జ్ బుష్ సంతకం చేసిన అమెరికన్ ఉద్యోగాల కల్పన చట్టం ఆ మూలాన్నే సవరించింది. 2005 జనవరి 1 నుంచి, 500 డాలర్లకు మించి విలువ చూపే కారును సంస్థ అమ్మివేస్తే, అమ్మగా వచ్చిన సొమ్మే దాత చూపుకోదగిన గరిష్ఠ విరాళం. సంస్థ అమ్మిన 30 రోజుల్లోగా 1098-సి అనే ఫారంలో ఆ మొత్తం రాసి దాతకు ఇవ్వాలి, ప్రతిని పన్నుల శాఖకు పంపాలి. ఇలా విలువ కట్టే హక్కు దాత చేతినుంచి వేలంపాటకు మారింది. 500 డాలర్లకు తక్కువ పలికిన కారుకు మాత్రం దాని మార్కెట్ విలువ మేరకు 500 దాకా చూపుకునే వీలు మిగిలింది. ఆనాటి తగాదాలో సంస్థల పక్షాన మాట్లాడినవారు, ఈ చట్టం దాతృత్వం గొంతు నొక్కుతుందని హెచ్చరించారు. 2005లో కార్ల దానాలు బాగా తగ్గిన మాటా నిజమే. అయినా లేని విలువను చూపి పుట్టించిన దానం తగ్గడాన్ని నష్టంగా లెక్కించనక్కర్లేదు.

చట్టం మిగిల్చిన మినహాయింపులు ఆ చట్టమంత ముఖ్యమైనవి. సంస్థ ఆ కారును అమ్మకుండా తన పనికే గట్టిగా వాడుకుంటే, ఉదాహరణకు ఏడాదిలో 10,000 మైళ్ళు తిప్పి వృద్ధులకు భోజనం చేరవేస్తే, లేదా రంగులు వేయడంతో సరిపెట్టక ఇంజను వంటి పెద్ద మరమ్మతు చేయిస్తే, దాత పూర్తి మార్కెట్ విలువ చూపుకోవచ్చు. పేదవారికి ఉచితంగానో నామమాత్రపు ధరకో ఇచ్చినా అంతేనని పన్నుల శాఖ 2005లో వివరణ ఇచ్చింది. ఈ చివరి మాట వెనుక నిజమైన అనుభవం ఉంది. 1996లో ప్రభుత్వ సాయం పొందేవారు పనిచేసి తీరాలన్న సంక్షేమ చట్టం వచ్చినప్పుడు, బస్సులు తిరగని ఊళ్ళలో కారు లేనివారికి ఉద్యోగం అందని పండయింది. అదే ఏడాది వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో హాల్ కోల్‌స్టన్ స్థాపించిన గుడ్ న్యూస్ గ్యారేజ్, దానంగా వచ్చిన కార్లను మెకానిక్కుల చేత బాగుచేయించి అటువంటి కుటుంబాలకు అందించింది. మేరీలాండ్‌లో 1999లో మొదలైన వెహికిల్స్ ఫర్ చేంజ్ కూడా ఆ కోవలోనిదే. వాహనదాన చరిత్రలో నిండుగా మెచ్చుకోదగిన అధ్యాయం ఇదే. ఇక్కడ కారు తుక్కుగా కాక కారుగానే చేతులు మారుతుంది, పొద్దున్నే షిఫ్టుకు వెళ్ళవలసిన తల్లి బిడ్డను బడిలో దింపి సకాలంలో పనికి చేరుతుంది.

తరువాతి మార్పులు బయటినుంచి వచ్చాయి. 2009లో ప్రభుత్వమే పాత కారు తెచ్చి కొత్తది కొన్నవారికి 3,500 లేదా 4,500 డాలర్ల రాయితీ ఇచ్చిన పథకంలో సుమారు 6,77,000 వాహనాలు తుక్కయ్యాయి. మళ్ళీ నడవకుండా వాటి ఇంజన్లలో సోడియం సిలికేట్ పోసి పాడుచేశారు. పేదలకు పనికివచ్చే ఎన్నో కార్లు అలా పోయాయి. 2018 నుంచి లెక్కలు చూపనక్కర్లేకుండా అందరికీ దక్కే ప్రామాణిక తగ్గింపు దాదాపు రెట్టింపై, ఒంటరివారికి 12,000, దంపతులకు 24,000 డాలర్లు కావడంతో విరాళాలను విడివిడిగా చూపేవారు సుమారు 30 శాతం నుంచి 10 శాతం దాకా పడిపోయారు. దానితో చాలామంది దాతలకు కారు ఇవ్వడంలో పన్ను లాభమే లేకుండా పోయింది. అయినా కార్లు వస్తూనే ఉన్నాయి.

భారతదేశంలో ఈ ఆచారం వేళ్ళూనకపోవడానికీ చట్టమే ఒక కారణం. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80జి సెక్షన్ డబ్బు రూపంలోని విరాళానికే మినహాయింపు ఇచ్చింది, వస్తువులకు ఇవ్వలేదు. హైదరాబాదు, విజయవాడ ఆటోనగర్లలో పాత బండి విడిభాగాలకు గిరాకీ కూడా తగ్గలేదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ముందు మాత్రం ఈ ప్రశ్న తరచు నిలుస్తుంది. వారు కారు ఇచ్చే ముందు మధ్యవర్తికి పోయే వాటా ఎంతో సంస్థను సూటిగా అడగాలి. యాజమాన్య పత్రంలో కొత్త యజమాని పేరు ఖాళీగా వదలకుండా రాయించి, బదిలీ సంగతి రాష్ట్ర వాహన శాఖకు తెలపాలి. బండి ఇంకా నడిచే స్థితిలో ఉంటే, వేలానికి పంపే సంస్థకు కాక, మనిషికి అందించే సంస్థకు ఇవ్వాలి.