సెమినల్‌ప్లాస్మిన్

సెమినల్‌ప్లాస్మిన్ ఆబోతు వీర్యద్రవంలో ఉండే చిన్న ప్రోటీన్. 47 అమైనో ఆమ్లాల గొలుసు. దీనికి బ్యాక్టీరియాను చంపే శక్తి ఉందని హైదరాబాదులో ఇ.ఎస్.పి. రెడ్డి, పుష్ప మిత్ర భార్గవ కనిపెట్టి 1979లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. జంతుదేహంలో తయారయ్యే సూక్ష్మజీవినాశక పెప్టైడ్ల చరిత్ర రాసేవాళ్లు చాలామంది 1981లో స్వీడన్‌లో హన్స్ బొమన్ బృందం పట్టుపురుగు జాతి చిమ్మట నుంచి తీసిన సిక్రోపిన్లతోనో, 1987లో మైకేల్ జాస్లాఫ్ కప్ప చర్మంలో చూసిన మగైనిన్లతోనో మొదలుపెడతారు. హైదరాబాదు పని ఆ రెండింటికన్నా ముందుది. పైగా అది అడిగిన ప్రశ్న కూడా వేరు: ఇలాంటి అణువు బ్యాక్టీరియా పొరను చీల్చి చంపుతుందా, లోపలికి వెళ్లి ప్రోటీన్ల తయారీనే దెబ్బతీస్తుందా?

బ్యాక్టీరియాలో ప్రోటీన్లు తయారయ్యేది రైబోజోముల్లో. ఒక్కో రైబోజోములో పెద్ద ముక్క (50ఎస్), చిన్న ముక్క (30ఎస్) ఉంటాయి. మూడు రకాల రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలు, యాభైకి పైగా ప్రోటీన్లు కలిస్తే ఈ రెండు ముక్కలూ ఏర్పడతాయి. మంచి ఆహారం దొరికితే ఇ. కోలై బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. ఆ వేగానికి సరిపడా కొత్త రైబోజోములు ఎప్పటికప్పుడు పుట్టాలి. అందుకే కణంలోని ఆర్‌ఎన్‌ఏలో అత్యధిక భాగం రైబోజోములదే. ఈ ఏర్పాటును అడ్డుకోవడానికి దారులు రెండు. ఉన్న రైబోజోములను పనిచేయనీయకపోవడం ఒకటి. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌లు చేసేది అదే. కొత్త రైబోజోములు పుట్టకుండా చేయడం రెండోది. సెమినల్‌ప్లాస్మిన్ పట్టింది ఈ రెండో దారి అని కనిపెట్టినవాళ్ల వాదన.

భార్గవ 1928లో అజ్మీర్‌లో పుట్టారు. 1950లో హైదరాబాదు వచ్చి, ఇక్కడే స్థిరపడి, 2017లో ఇక్కడే కన్నుమూశారు. ఆబోతు వీర్యకణాల మీద ఆయన ఆసక్తి పాతది. రేడియోధార్మిక అమైనో ఆమ్లాలు ఆ కణాల ప్రోటీన్లలో చేరే తీరుపై బిషప్, వర్క్‌లతో కలిసి 1959లోనే వ్యాసం ప్రచురించారు. ప్రాంతీయ పరిశోధనాలయం జీవరసాయన విభాగం నుంచి 1977లో సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) రూపుదిద్దుకుంది. దానికి తొలి సంచాలకుడు ఆయనే. సెమినల్‌ప్లాస్మిన్ ఆ సంస్థ తొలి సంవత్సరాల ఫలం.

వీర్యానికి సూక్ష్మజీవినాశకం ఎందుకన్నది పాడి రైతుకు చెప్పనక్కర్లేదు. అనకాపల్లి జిల్లా చోడవరం చుట్టుపక్కల పల్లెల్లోనైనా, మరెక్కడైనా, ఎదకొచ్చిన ఆవుకు సూది వేయించేటప్పుడు వాడే వీర్యపు స్ట్రా మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిల్వ ఉంటుంది. ఒక్కసారి సేకరించిన వీర్యాన్ని పలచన చేసి వందల స్ట్రాలు నింపుతారు. ఆ పలచన చేసే ద్రావణంలో పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ లాంటివి కలపడం మామూలు. వీర్యంలో బ్యాక్టీరియా పెరిగితే వీర్యకణాలు పాడవుతాయి, ఆవు గర్భాశయానికీ జబ్బు సోకవచ్చు.

1979 నాటి మొదటి వ్యాసం చెప్పిన సంగతి స్పష్టమైనది. సెమినల్‌ప్లాస్మిన్ తగిలిన ఇ. కోలైలో ప్రత్యేకించి రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ తయారీ ఆగిపోతుంది. అదే సంచికలో జర్మనీకి చెందిన కార్ల్-హైంజ్ షైట్‌తో కలిసి హైదరాబాదు బృందం రెండో వ్యాసం ప్రచురించింది. డీఎన్‌ఏను చూసి ఆర్‌ఎన్‌ఏను రాసే ఎంజైము ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్. సెమినల్‌ప్లాస్మిన్ దాన్ని కణంలోనూ, పరీక్షనాళికలోనూ అడ్డుకుంటుందని అందులో చూపారు. ఈ రెండూ కలిపి చూస్తే వరస తెలుస్తుంది: పాలిమరేజ్ ఆగితే రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ ఉండదు, అది లేనిదే కొత్త రైబోజోములు లేవు, అవి లేనిదే ప్రోటీన్లు సాగవు.

గొలుసులోని అమైనో ఆమ్లాల వరసను టైల్, షైట్ 1983లో తేల్చారు. వీర్యకణాల్లోకి కాల్షియం పోకుండా ఆపే ‘కాల్‌ట్రిన్’ అనే పదార్థం మీద అమెరికాలో హెన్రీ లార్డీ బృందం అప్పుడు పనిచేస్తోంది. 1985లో దాని నిర్మాణం బయటపడింది. చూస్తే అదీ ఇదీ ఒకటే! ఒకే అణువు బ్యాక్టీరియాకు విషంగా, వీర్యకణానికి నియంత్రకంగా రెండు ప్రయోగశాలల్లో రెండు పేర్లతో పెరిగిందన్నమాట. దాని పుట్టుక 1995లో తెలిసింది. నాడీ సంబంధమైన న్యూరోపెప్టైడ్-వై కుటుంబపు జన్యువొకటి పశువుల వంశంలో జంటై, ఆ రెండో ప్రతి మారిపోయి సెమినల్‌ప్లాస్మిన్ అయింది.

అసలు వివాదం అది ఎలా చంపుతుందన్న దానిపైనే. సెమినల్‌ప్లాస్మిన్ ఇ. కోలై కణాలను కరిగించేస్తుందని చిట్నిస్, ప్రసాద్ 1987లో చూపారు. తన గోడను తానే కోసుకునే ఎంజైములు లోపించిన ఇ. కోలై రకాలు ఆ కరుగుదలకు లొంగలేదు. సీసీఎంబీలోనే ఎన్. సీతారాం, ఆర్. నాగరాజ్ గొలుసులో నీటికి దూరంగా ఉండే భాగాన్ని, 28 నుంచి 40 వరకున్న 13 అమైనో ఆమ్లాలను, విడిగా తయారుచేసి చూశారు. 1990లో ప్రచురించిన ఫలితం ఆశ్చర్యపరిచేది: ఆ చిన్న ముక్క కూడా బ్యాక్టీరియాను అడ్డుకుంది. మొత్తం ప్రోటీన్ ఎర్రరక్తకణాల జోలికి పోదు గానీ, ఈ ముక్క వాటినీ పగలగొట్టింది. అంటే పొరను దెబ్బతీసే గుణం గొలుసులోనే దాగి ఉంది, మిగతా భాగాలు దాన్ని అదుపులో పెడుతున్నాయి. నా దృష్టిలో ఈ చరిత్రలో 1979 తర్వాత అంతటి పని ఇదే. కనిపెట్టిన సంస్థలోనే దానికి మరో వివరణ వెతికే స్వేచ్ఛ ఉందనడానికి కూడా ఇది సాక్ష్యం. ప్రపంచమంతటా అప్పుడు గాలి పొరల వైపే వీస్తోంది. ధనావేశం ఉన్న పెప్టైడ్ ఋణావేశం ఉన్న పొరకు అంటుకుని దాన్ని చెదరగొడుతుందన్న వివరణ చాలాకాలం ఏలింది.

లోపలి లక్ష్యం మాట మళ్లీ గట్టిగా వినబడింది ప్రోలిన్ ఎక్కువగా ఉండే పెప్టైడ్ల వల్ల. వీటిలో అపిడేసిన్ తేనెటీగది, బీఏసీ7 పశువుల తెల్లరక్తకణాలది. రెండూ 1989లో వెలుగుచూశాయి. ఇవి పొరను చీల్చవు. ఎస్‌బీఎంఏ అనే బ్యాక్టీరియా సొంత వాహక ప్రోటీన్ వీటిని లోపలికి చేరవేస్తుంది. మొదట్లో వీటి గురి ‘డీఎన్‌ఏ-కే’ అనే సహాయక ప్రోటీన్ మీద అనుకున్నారు. 2014లో అసలు గురి రైబోజోమ్ అని తేలింది. 2015, 2016ల్లో స్ఫటిక నిర్మాణాలు వచ్చాయి. కొత్త ప్రోటీన్ గొలుసు 50ఎస్ ముక్కలోని సొరంగం గుండా బయటికి రావాలి. బీఏసీ7, అదే వర్గానికి చెందిన ఆంకోసిన్ ఆ సొరంగంలో ఎదురు దిశలో పడుకుని, అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే టీ-ఆర్‌ఎన్‌ఏను కుదురుకోనివ్వవు. అపిడేసిన్ పద్ధతి వేరు. గొలుసు పూర్తయ్యేదాకా ఊరుకుంటుంది. ముగింపు కారకం వచ్చి పని ముగించాక దాన్ని రైబోజోమును విడిచిపోనివ్వకుండా బంధిస్తుంది. ఈ సంగతి 2017లో బయటపడింది. కణంలో ముగింపు కారకాలు రైబోజోములకన్నా చాలా తక్కువ కాబట్టి, అవి కొన్ని చిక్కుకుంటే చాలు, మిగతా రైబోజోములు చివరి మెట్టు దగ్గర నిలిచిపోతాయి.

సెమినల్‌ప్లాస్మిన్ ఈ వర్గంలోది కాదు. అది రైబోజోములో ఇరుక్కుంటుందని ఎవరూ చూపలేదు. దాని గురి రైబోజోమ్ పుట్టుకకు ముందున్న పాలిమరేజ్ మీద, దాంతోపాటు పొర మీద.