ఆర్మీనియనుల పాతశిలలు, క్రొత్తకళ

ప్రాచీనకళను రక్షింపవలెనని యెల్లరు నందురు. రక్షించుట యనగా గాజుబీరువాలో దాచుటయా, నేటి పనివాని చేతి కందించుటయా యని యడిగినచో మాత్రము అభిప్రాయములు చీలును. మేము రెండవ పక్షమువారము. ఆర్మీనియా చరిత్రము ఈ పక్షమునకు బలము చేకూర్చుచున్నది.

ఆ దేశమున ‘ఖచ్కార్’ అను శిలలు వేలకొలది కలవు. నిలువుపలకపై నడుమ సిలువను, చుట్టును తీగలను, దానిమ్మపండ్లను, విడదీయరాని అల్లికగీతలను చెక్కుదురు. తొమ్మిదవ శతాబ్దమునుండి ఈ పని సాగుచున్నది. ఒక శిలవలె మఱియొకటి యుండదు. సిలువ మారదు, అల్లిక శిల్పి యిష్టము. పెద్దలు చేసినట్లే చేయవలెనని మన యిండ్లలో పట్టుబట్టువారు ఈ రాళ్ల నొకపరి చూడవలసినది!

నఖిచెవాన్ సీమలో అరాస్ నదియొడ్డున నున్న జుల్ఫా శ్మశానమున అట్టివి వేలకొలది నిలిచియుండెను. 1998 మొదలు 2005 వఱకు అవి నేలమట్టము గావింపబడినవి. అజర్‌బైజాను ప్రభుత్వము కాదన్నను, ఉపగ్రహచిత్రములు ఆ చోటు చదునైనట్లు చూపినవి. రాళ్లనే నమ్ముకొన్నచో ఆ జాతికి మిగులున దేమి? 2010 లో యునెస్కో తన పట్టికలో చేర్చినది ఈ రాళ్లను గాదు, వానిని చెక్కు విద్యను. ఇది వివేకముగల పని యని మా తలంపు. ఏలయన పోయిన శిల తిరిగి రాదు గాని, ఉలి పట్టినవా డున్నచో క్రొత్తశిల పుట్టును.

అట్లని పాతగుర్తును దేనిపై ముద్రించినను కళ యగునని మేమనము. యెరెవాన్ నగరమున వెర్నిసాజ్ అను సంతలో దానిమ్మపండు బొమ్మలు కోకొల్లలు. అది వర్తకము, దానిని తప్పుపట్టము. ప్రదర్శనమును కూర్చువారి పని వేఱు.

1915 లో ఒట్టోమాను ప్రభుత్వము సాగించిన మారణకాండలో ఆర్మీనియనులు లక్షలకొలది హతులైరి. బ్రదికినవారు దేశదేశములకు చెదరిరి. (చెదరుట వారికి క్రొత్తగాదు. వారి భాషలో మొదటి పత్రిక ‘అజ్దరార్’ 1794 లో పుట్టినది మన చెన్నపట్టణముననే. దానిని నడపినవాడు హారుత్యూన్ ష్మవోన్యన్ అను మతాచార్యుడు.) నూఱేండ్లకు, 2015 లో, వెనిస్ కళాప్రదర్శనమున ఆర్మీనియా పక్షమున అడెలీనా ఫాన్ ఫ్యూర్‌స్టెన్‌బెర్గ్ అను విదుషి ఆ చెదరినవారి సంతతికి చెందిన కళాకారులనే పిలిచెను. తెల్లగోడల మందిరమును కోరక, సాన్ లాజరో ద్వీపమున 1717 నుండి ఆర్మీనియను సన్యాసులు కాపురమున్న మఠము నెన్నుకొనెను. తాతల తాళపత్రములవంటి వ్రాతప్రతులు భద్రమైయున్న ఆ మఠముననే, తోటలోను నడవలలోను, మనుమల క్రొత్తపనులు నిలిచినవి. నూతనకళను చూడవచ్చినవారు పడవ దిగి ఆ పాతగడప దాటక తప్పదయ్యెను. ఆ యేడు ఉత్తమ జాతీయప్రదర్శనమునకు ఇచ్చు బంగారుసింహము ఆర్మీనియాకే దక్కినది.