పరాసుపేటకు ఆలస్యంగా వచ్చిన స్వాతంత్ర్యం

1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగరేసుకుంది. మా బందరు (మచిలీపట్నం)లో మాత్రం ఒక చిన్న చెక్క ఆ రోజుకి ఇంకా పరాయి ప్రభుత్వానిదే. ఇంగ్లీషువాళ్లది కాదు, ఫ్రెంచివాళ్లది. పరాసుపేటలో వాళ్లకున్న పాత వర్తక స్థావరాన్ని, సూరత్, కోళికోడ్ లాంటి చోట్ల ఉన్న అలాంటి స్థలాలతో కలిపి, 1947 అక్టోబరు 6న భారత ప్రభుత్వానికి అప్పగించారు. లెక్కేస్తే 52 రోజులు ఆలస్యం. యానాం 1954 దాకా ఆగిందని అందరికీ తెలుసు. బందరులోనూ ఇలాంటి ముక్క ఒకటి ఉండేదని బందరువాళ్లకే చాలామందికి తెలియదు.

ఆ ముక్క అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలంటే గోలకొండ దాకా వెళ్లాలి. కుతుబ్‌షాహీల రాజ్యానికి సముద్రం వైపు వాకిలి మా ఊరు. 1652లో వచ్చిన తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు, ఊళ్లో ఇళ్లు కర్రతో కట్టినవని, ఓడలు ఆగడానికి మాత్రం బంగాళాఖాతంలో ఇంతకన్నా మంచి చోటు లేదని రాశాడు. ఇక్కణ్ణుంచి ఓడలు పెగూకి, సయాంకి, సుమత్రాకి, మక్కా యాత్రకి వెళ్లేవి. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు దిగారు. ఫ్రెంచివాళ్లు 1669లో గానీ రాలేదు. వాళ్ల కోసం గోలకొండ సుల్తాను దగ్గర ఫర్మానా సంపాదించి పెట్టినవాడు ఫ్రెంచివాడు కూడా కాదు, మర్కారా అనే ఆర్మేనియన్. డచ్చివాళ్ల వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచివాళ్ల పరాసుపేట పక్కపక్కనే ఉన్నాయంటే, ఆ ముగ్గురూ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ కాపురాలు చేశారన్నమాట.

మద్రాసుకి పుట్టినిల్లు మా ఊరేనంటే కొందరు నవ్వుతారు. కానీ 1639లో ఫ్రాన్సిస్ డే చెన్నపట్నం జాగా సంపాదించినప్పుడు ఈ తీరంలో ఇంగ్లీషు కంపెనీకి పెద్ద కార్యాలయం బందరులోనే ఉంది. ఇక్కడి అధికారి ఆండ్రూ కోగన్ దగ్గరుండి అక్కడ కోట పని మొదలుపెట్టించాడు. 1641లో కార్యాలయం అక్కడికి తరలిపోయింది. బందరు నుంచి పెద్ద సంగతులు తరలిపోవడం అప్పుడే మొదలైందేమో!

1750లో ఫ్రెంచివాళ్లు బందరు ఊరినీ ఇక్కడి కోటనీ చేజిక్కించుకున్నారు. తొమ్మిదేళ్ల తరవాత జరిగిన కోట యుద్ధాన్ని పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంలో తేల్చేస్తాయి గానీ, అది సినిమా తీయదగ్గ కథ. బెంగాల్ నుంచి క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డు, విజయనగరం ఆనందరాజు సేనని వెంటబెట్టుకుని వచ్చి కోట ముందు విడిది చేశాడు. చేతిలో డబ్బు లేదు. జీతాలూ, దోపిడీలో వాటాలూ తేల్చమని సొంత సోల్జర్లే తిరగబడ్డారు. మందుగుండు అడుగంటింది. వెనక నుంచి నిజాం సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ వైపు వస్తున్నాడు. వెనక్కి పోదామన్నా దారి లేదు. కోట చుట్టూ ఉప్పుబురద. మోకాలి లోతు, నడుం లోతు దిగబడే ఆ బురదని చూసి లోపలివాళ్లు ఒక పక్క కాపలా పలచగా పెట్టారు. 1759 ఏప్రిల్ 7 రాత్రి ఒక వైపు ఆనందరాజు మనుషులు గోల చేస్తూ పైపై దాడి నడుపుతుంటే, ఫోర్డు బలగాలు వేరే వైపుల నుంచి ఎక్కాయి. తెల్లారేసరికి కోట లొంగింది. పట్టుబడినవాళ్లు పట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువ! మరికొన్ని రోజులకు ఫ్రెంచి సాయం ఓడల్లో వచ్చింది, కోట మీద ఇంగ్లీషు జెండా చూసి వెళ్లిపోయింది. గాలి ఎటు తిరిగిందో చూసిన సలాబత్ జంగ్ మే నెలలో ఇంగ్లీషువాళ్లతోనే సంధి చేసుకుని బందరుని వాళ్లకి రాసిచ్చాడు. నా మటుకు నాకు, ఉత్తర సర్కారుల తలరాత మారింది ఆ బురదలోనే. తరవాత ఐరోపాలో కుదిరిన ఒప్పందాల పుణ్యమా అని ఫ్రెంచివాళ్లకి పరాసుపేటలో ఆ కాస్త వర్తక స్థలం మాత్రం తిరిగి దక్కింది. 1947 దాకా మిగిలింది అదే.

యుద్ధాల కన్నా ఊళ్లో ఎక్కువగా చెప్పుకునేది అరబెల్లా కథ. జనరల్ జాన్ పేటర్ అనే దొర అరబెల్లా రాబిన్సన్ అనే అమ్మాయిని ప్రేమించాడు. పెళ్లి కాకుండానే ఆమె జబ్బు చేసి పోయింది. చర్చి నేలలో పూడ్చడానికి పాదిరి ఒప్పుకోలేదట. దాంతో ఆయన సొంతంగా జాగా కొని, ఆమె సమాధి మీదే చర్చి కట్టించాడంటారు. ఇప్పటి సెయింట్ మేరీ చర్చి అదే. శవానికి మందులు పూసి అద్దాల పెట్టెలో ఉంచాడని, మీట నొక్కితే ఆమె లేచి నిలబడేదని కూడా చెబుతారు. ఆ మీట సంగతి నేను నమ్మను. చిన్నప్పుడు విని రాత్రిళ్లు దుప్పటి ముసుగు తీయని మాట మాత్రం నిజం.

మా ఊరి పేరు లండన్ దుకాణాల్లో వినబడేదంటే నమ్ముతారా? అక్కడ నస్యం అమ్మే చోట మసూలిపటం అనే రకం ఉండేది. కలంకారీ అద్దకాలు పర్షియా దాకా వెళ్లేవి. ఆ పని ఇప్పుడు ఎక్కువగా పక్కనున్న పెడనలో ఉంది. మాకు మిగిలింది తొక్కుడు లడ్డు. శనగపిండిని జంతికల్లా నేతిలో వండి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి మళ్లీ దంచుతారు. పంటికి పలుకు తగలకూడదు. తగిలితే అది బందరు లడ్డు కాదు, ఎక్కడ కొన్నా సరే. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ఊరి మీద పడింది. పోయినవాళ్లు 30,000 మంది అని అప్పటి లెక్క. 1977 దివిసీమ ఉప్పెన చూసిన పెద్దవాళ్లు మన మధ్య ఇంకా ఉన్నారు గనక ఆ రాత్రి ఎలా ఉండి ఉంటుందో నేను వర్ణించక్కర్లేదు. ఆ దెబ్బకి రేవు పాత కళకి మళ్లీ రాలేదు.

రేవు పోయినా ఊరి బుర్ర ఆగలేదు. కృష్ణా పత్రిక 1902లో ఇక్కడే మొదలైంది. జాతీయ జెండా ఎలా ఉండాలో బొమ్మలతో సహా పింగళి వెంకయ్య 1916లో పుస్తకం తెచ్చారు. 1923 నవంబరులో పట్టాభి సీతారామయ్య లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆంధ్రా బ్యాంకు తెరిచారు. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదుకి పోయింది, 2020 ఏప్రిల్ 1న విలీనంతో పేరే పోయింది.

ఈ ఊళ్లో రాయి నిలుస్తుంది, కాగితం నిలవదు. డచ్చి శ్మశానంలో మూడొందల ఏళ్ల నాటి పలకల మీద వంశచిహ్నాలు, ఉబ్బెత్తు అక్షరాలు ఇప్పటికీ వేలితో తడిమి చదవచ్చు. పరాసుపేట ఫ్రెంచి రోజుల కాగితాలు ఎవరింట్లోనైనా ఉంటే వాటికి ఆ భాగ్యం లేదు. ఉప్పుగాలి, చెదలు, ఇల్లు పడగొట్టేటప్పటి చెత్తబుట్ట చాలు. ఆ పేటలో తాతల నాటి ఇళ్లున్నవాళ్లకి ఒక మనవి. అటక మీద ట్రంకుపెట్టెలో పాత దస్తావేజులుంటే, చదవడం రాకపోయినా సరే, పారేయకండి. ఫోన్‌తో ఫొటో తీసి ఏ కాలేజీ చరిత్ర మాస్టారికైనా చూపించండి.