గోడ చెప్పినట్టే

1960 దశకం తొలినాళ్లు. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పాల్ గ్రీన్ ముందు గాజు పాత్రలో పచ్చటి నాచు ఉంది. పేరు నైటెల్లా. కణుపుకీ కణుపుకీ మధ్య భాగమంతా ఒకటే కణం. సన్నగా దారంలా ఉంటుంది, సెంటీమీటర్ల పొడవు సాగుతుంది. మామూలు కంటికే కనిపించే కణం!

దాని లోపలి నీరు గోడను సుమారు 5 వాతావరణ పీడనాల ఒత్తిడితో నెడుతుంది, అన్ని వైపులా సమానంగా. గొట్టం ఆకారంలో ఉన్న దేన్నైనా లోపలి నుంచి అలా నెడితే, గోడ మీద చుట్టూరా పడే బిగువు నిలువునా పడేదానికి రెట్టింపు. లెక్క ప్రకారం ఈ కణం లావెక్కాలి. కానీ పొడుగ్గా పెరుగుతోంది.

కారణం గోడలోనే ఉంది. సెల్యులోజ్ పోగులు కణం చుట్టూ అడ్డంగా పేర్చి ఉన్నాయి. పల్లెలో ధాన్యం పురి చూసినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. చుట్టూ బిగించిన గడ్డితాడు పక్కలకు ఉబ్బనివ్వదు, పైకి లేవడానికే దారిస్తుంది.

మరి ఆ పోగుల్ని అలా అడ్డంగానే పేరుస్తున్నదెవరు?

గ్రీన్ ఆ నీళ్లలో కాల్చిసిన్ కలిపాడు. మన అడవినాభి దుంపలో ఉండే విషమే ఇది. విభజన జరిగే కణాల్లో క్రోమోజోముల్ని లాగే కండెపోగుల్ని చెదరగొడుతుంది. ఈ పొడుగు కణంలో విభజనే లేదు, కాబట్టి దానికి ఏమీ కాకూడదు. కానీ అయింది. చావలేదు, పెరగడమూ మానలేదు. పొడుగు సాగడం పోయి, పక్కలకు ఉబ్బింది. కొత్తగా పడుతున్న సెల్యులోజ్ పోగులకు వరస తప్పింది.

అప్పటికి ఎవరూ చూడని వస్తువును గ్రీన్ ఇక్కడ ఊహించాడు. కండెపోగుల జాతికే చెందిన ప్రొటీన్ నిర్మాణాలు గోడకు ఆనుకుని ఉండి, పోగులకు దిశ చూపిస్తున్నాయని 1962లో ‘సైన్స్’ పత్రికలో రాశాడు. మరుసటి ఏడే హార్వర్డ్‌లో లెడ్‌బెటర్, పోర్టర్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో మొక్కల కణాలను చూశారు. గోడకు లోపలి అంచునే, సెల్యులోజ్ పోగుల దిశలోనే సన్నని నాళికలు! వాటికి మైక్రోట్యూబ్యూల్స్ అని పేరు పెట్టారు. వస్తువు కంటపడకముందే దాని పని చూసి ఉనికిని చెప్పగలిగాడే, ఆ ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

గ్రీన్ అక్కడితో ఆగలేదు. ఒక కొస మూసి, లోపల గాలి నింపిన సన్నని గాజు గొట్టాన్ని బతికున్న కణంలోకే గుచ్చాడు. కణరసం లోపలికి ఎగదన్ని గాలిని నొక్కుతుంది. గాలి ఎంత కుదించుకుపోతే ఒత్తిడి అంత. 1971లో తేలింది: ఒత్తిడి కాస్త తగ్గిస్తే పెరుగుదల ఠక్కున ఆగుతుంది. ఆ తక్కువ ఒత్తిడికే లొంగేలా గోడ మెత్తబడ్డాక మళ్లీ మొదలవుతుంది.

ఆ మెత్తబడటం ఎలాగన్నది డెలావేర్ విశ్వవిద్యాలయంలో ప్రోసియస్, బోయర్ తేల్చారు. నైటెల్లా బంధువు కారా నాచు కణం లోపలి సరుకంతా తీసేసి, ఉత్త గోడకు ఒత్తిడి ఎక్కించారు. దానికి కొత్త పెక్టిన్ (గోడలో జిగురులా ఉండే పదార్థం) అందించగానే ఆ ఉత్త గోడ మళ్లీ సాగింది! గోడను బిగించి పట్టుకున్నది పాత పెక్టిన్‌ల మధ్య ఉన్న కాల్షియం. కొత్త పెక్టిన్ ఆ కాల్షియాన్ని లాక్కోవడంతో పాత ముడులు వదులవుతాయి. కాల్షియం దొరికిన కొత్త పెక్టిన్ తానే గోడలో కలిసిపోతుంది.