తెలుగు నాటకం చూసి పుట్టిన తమిళ సభ

మన పక్క చాలామంది ఇంట్లో తెలుగు, అంగడిలో తమిళం మాట్లాడతారు. “తమిళనాడులో ఉంటూ తెలుగు చదివితే ఏమొస్తుంది?” అని మనల్ని అడిగేవాళ్ళూ ఉన్నారు. దానికి చరిత్రలో ఒక మంచి జవాబు ఉంది. అదే చెన్నపట్నంలోని సుగుణ విలాస సభ కథ.

ఆ రోజుల్లో వేషం కట్టడమంటే చదువుకున్నవాళ్ళకి చిన్నచూపు. 1891లో బళ్ళారి నుంచి సరస వినోదినీ సభ అనే తెలుగు నాటక సమాజం మద్రాసుకు వచ్చింది. దాన్ని నడిపించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు ఒక వకీలు. నాటకం సుఖంగానే ముగియాలనే పాత పద్ధతిని కాదని, ‘విషాద సారంగధర’ రాసింది ఆయనే. వకీలే ముఖానికి రంగు వేసుకున్నాడంటే అప్పట్లో అది ఎంత కొత్తో ఆలోచించండి!

ఆ సమాజం నాటకం చూసినవాళ్ళలో పమ్మల్ సంబంధ మొదలియార్ ఒకరు. అప్పుడాయన వయసు 18 ఏళ్ళే. అంతకుముందు తమిళ నాటకాలంటే ఆయనకి గిట్టేది కాదు. తెలుగువాళ్ళు చేసిన పని తమిళంలోనూ చెయ్యాలని పట్టుదల వచ్చింది. 1891 జూలై 1న స్నేహితులతో కలిసి సుగుణ విలాస సభ మొదలుపెట్టారు.

ఈ సభలో కూలికి ఆడేవాళ్ళు లేరు. చదువుకున్నవాళ్ళు తమ పని చూసుకుంటూనే నాటకాలు ఆడేవారు. పాటలు తగ్గించి మామూలు మాటలు పెంచారు. షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ని సంబంధ మొదలియార్ ‘అమలాదిత్యన్’గా తమిళంలోకి తెచ్చారు. తెలుగు నాటకాలకీ అక్కడ చోటుండేది. ధర్మవరం వారి మేనల్లుడు బళ్ళారి రాఘవ గారికీ ఈ సభతో సంబంధం ఉంది. ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే వెయ్యాలని ఆయన పట్టుబట్టారు.

సంబంధ మొదలియార్ రాసిన ‘మనోహర’ 1954లో శివాజీ గణేశన్‌తో సినిమా అయింది. 1959లో ఆయనకి పద్మభూషణ్ వచ్చింది.

నాకు ఇందులో నచ్చింది ఒకటుంది. సంబంధ మొదలియార్ తెలుగు నాటకం చూసి అసూయపడలేదు, అలాగని తమిళం వదిలేసి తెలుగులో రాయనూ లేదు. తన భాషలో తను చేశారు. ఒక భాష బాగుపడితే పక్క భాష చెడిపోదు, దానికీ బలం వస్తుంది. కాబట్టి మనం తెలుగు చదవడం తమిళానికి ఎదురు కాదు.

గురువులకు నాదొక విన్నపం. ఈసారి బడి వార్షికోత్సవంలో సినిమా పాటల డాన్సులతో పాటు, మన పిల్లలే రాసిన తెలుగు నాటకం ఒకటి ఆడిద్దాం. చూడటానికి తమిళ స్నేహితులనీ పిలుద్దాం.